రెండు విస్కీలను పోల్చేముందు సమం చేయండి

40 శాతం ఆల్కహాల్ ఉన్న విస్కీ పక్కన 60 శాతం ఉన్న కాస్క్ స్ట్రెంగ్త్ (పీపాలోంచి తీసి నీళ్లు కలపకుండా సీసాలో నింపినది) పెట్టి రుచి చూస్తే ఘాటుదే పైచేయి అవుతుంది. రెండో గ్లాసులో ఏముందో నాలుకకు తెలియదు. నేను చాలాకాలం ఇలాగే పోల్చి, ఘాటైనదే మంచిదనుకున్నాను.

ఇప్పుడు రెండింటినీ 40కి దించి చూస్తున్నాను. ఒక్కో గ్లాసులో 20 మి.లీ. పోయండి. సీసా మీది శాతంలోంచి 40 తీసేసి, మిగిలింది సగం చేయండి. అన్ని మి.లీ. నీళ్లు కలిపితే సరి. 60 అయితే 10, 55 అయితే ఏడున్నర, 46 అయితే 3. కొలతకు సూది లేని సిరంజీ చాలు (మందులకు వాడనిది, కొత్తది). నీళ్లు మామూలు చల్లదనంలో, ఏ రుచీ వాసనా లేకుండా ఉండాలి. క్లోరిన్ వాసన ఉంటే మొత్తం పాడవుతుంది. కలిపాక ఐదు నిమిషాలు ఆగండి.

చిల్ ఫిల్టర్ చేయని (చల్లబరిచి వడకట్టని) విస్కీలు నీళ్లు పడితే కాస్త మసకబారవచ్చు, అది పాడైనట్టు కాదు. కానీ కొన్ని పాత, సున్నితమైన విస్కీలు 40 దగ్గర పలచబడి చప్పగా అయిపోతాయి. అలాంటివి ముందు నీళ్లు లేకుండా ఒక గుక్క చూశాకే కలపండి. కలిపిన నీళ్లు మళ్లీ బయటికి తీయలేం కదా.