తక్కువ ఖర్చులో చిన్న చెక్క లేత్ ఎంచుకోవడం ఎలా?

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు వైపున్న రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు ఉండి చెక్క లేత్ (చెక్కను తిప్పుతూ ఉలితో గుండ్రంగా తీసే మెషీన్) నేర్చుకోవాలనుకునేవారికి మొదటి ఇబ్బంది మెషీన్‌ని కళ్లారా చూడలేకపోవడమే. బరంపురమో విశాఖపట్నమో వెళ్లాలి, లేదంటే ఫోన్‌లో ఫొటో చూసి ఆర్డరు పెట్టాలి. ఫొటోలో అన్ని లేత్‌లూ ఒకేలా ఉంటాయి. ధర తక్కువని తెప్పించుకున్నాక కంట్రోల్ బోర్డు కాలితే, దాన్ని బాగుచేసే మనిషి జిల్లాలోనే దొరకకపోవచ్చు. అందుకే ఈ ప్రాంతంలో కొనేవారు ధర కన్నా ముందు చూడాల్సింది ఒకటుంది: ఆ మెషీన్ పాడైతే మన ఊరి మోటారు వైండింగ్ షాపులో, బేరింగుల కొట్టులో పని జరుగుతుందా లేదా అని.

1. ఏం చేయాలనుకుంటున్నారో ముందు తేల్చుకోండి

పప్పుగుత్తి, కవ్వం, అప్పడాల కర్ర, బొంగరం, ఉలి పిడులు చేసుకోవాలంటే చెక్కను రెండు చివరలా పట్టే మొనల మధ్య 16 నుంచి 18 అంగుళాల పొడవు పట్టే లేత్ చాలు. మంచం కోళ్లు, కుర్చీ కాళ్లు తీయాలంటే 24 నుంచి 30 అంగుళాలు కావాలి. గిన్నెలు, పళ్లేలు తీయాలంటే పొడవుతో పని లేదు, వ్యాసం ముఖ్యం.

అమ్మేవాళ్లు 'స్వింగ్ 10 అంగుళాలు' అంటారు. అంటే 10 అంగుళాల వ్యాసం దాకా పడుతుందని, స్పిండిల్ (చెక్కను తిప్పే ఇరుసు) మధ్య నుంచి బెడ్ (లేత్ అడుగున ఉండే పొడవాటి దిమ్మె) దాకా 5 అంగుళాల ఎత్తు ఉందని. కొందరు ఈ ఎత్తునే 'సెంటర్ హైట్' అని చెబుతారు. కాబట్టి చెప్పిన అంకె సగమా, పూర్తా అని అడిగి రాసుకోండి. పైగా పొడవాటి పనిలో టూల్ రెస్ట్‌ని (ఉలిని ఆనించే పట్టీని) మోసే దిమ్మ చెక్క కిందికి వస్తుంది. ఆ దిమ్మ ఎత్తు పోగా 10 అంగుళాల స్వింగ్‌లో 6, 7 అంగుళాల లావే మిగలవచ్చు. టేపుతో దిమ్మ పైభాగం నుంచి స్పిండిల్ మధ్యకు కొలిస్తే సంగతి తేలిపోతుంది.

కొత్తగా నేర్చుకునేవారికి స్వింగ్ 10 అంగుళాలు, మొనల మధ్య 18 అంగుళాలు ఉన్నది సరిపోతుంది. దీని మీద పప్పుగుత్తి నుంచి 7, 8 అంగుళాల గిన్నె దాకా వస్తాయి. మంచం కోళ్లే మీ అసలు పని అయితే మాత్రం దీన్ని కొనకండి. నేరుగా పొడవు బెడ్‌కి వెళ్లండి.

2. బరువును ఖర్చుగా చూడకండి

చెక్క గుండ్రం అయ్యేదాకా ప్రతి చుట్టులోనూ లేత్‌ని కుదుపుతుంది. ఆ కుదుపును మింగేది ఇనుము బరువే. పోత ఇనుము బెడ్ ఉన్న 10 అంగుళాల లేత్ సుమారు 35 నుంచి 40 కిలోలు ఉంటుంది. అదే కొలత చెప్పి 12, 15 కిలోలు ఉందంటే లోపల రేకు గొట్టమో, అల్యూమినియమో ఉందని అర్థం. అలాంటి దాని మీద ఉలి వణుకుతుంది. చెక్క మీద మెలికల గీతలు పడతాయి. నేర్చుకునేవారు తప్పు తమ చేతిదే అనుకుని వదిలేస్తారు. అలాంటి లేత్‌లను మార్కెట్లో కనపడకుండా చేయాలన్నంత కోపం వస్తుంది, ఎందుకంటే ఎంతోమంది ఆసక్తి అక్కడే చచ్చిపోతుంది.

ఊళ్లోని వెల్డింగ్ షాపులో చానల్‌తో చేయించుకోవడం కూడా మంచి దారే. కాకపోతే వెల్డింగ్ వేడికి చానల్ వంకర తిరుగుతుంది, అప్పుడు రెండు మొనలూ ఎదురెదురుగా కలవవు. రెండు చానళ్లను బోల్టులతో కలపమనండి. హెడ్‌స్టాక్‌ని (స్పిండిల్‌ని మోసే భాగాన్ని) కూడా బోల్టులతోనే బిగించమనండి. అప్పుడు పల్చని రేకు ముక్కలు కింద పెట్టి సరిచేసుకోవచ్చు. ఒకసారి వెల్డ్ చేసేస్తే సరిచేసే దారి లేదు.

3. మోటారు, వేగం, మన కరెంటు

కొత్త చిన్న లేత్‌లు రెండు రకాలు. ఒకటి, మామూలు ఇండక్షన్ మోటారు, మెట్ల పుల్లీలు, బెల్టు. రెండోది, నాబ్ తిప్పితే వేగం మారే డీసీ మోటారు, దానికో ఎలక్ట్రానిక్ బోర్డు. రెండోదే సుఖంగా ఉంటుంది, సందేహం లేదు. అయినా సరిహద్దు ఊళ్లలో ఉండేవారికి మొదటి రకమే మంచిది. ఇండక్షన్ మోటారు కాలితే పంపుసెట్లు బాగుచేసే షాపులోనే వైండింగ్ చేస్తారు, కెపాసిటర్ పోతే వెంటనే దొరుకుతుంది. బోర్డు పోతే అది ఏ నగరం నుంచో రావాలి, కొన్ని కంపెనీలు విడిగా అమ్మవు కూడా.

సాయంత్రం ఓల్టేజి పడిపోయే ఊళ్లకు ఇంకో లెక్క ఉంది. ఇండక్షన్ మోటారు తిప్పే బలం ఓల్టేజి వర్గాన్ని (ఓల్టేజిని ఓల్టేజితోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి మారుతుంది. 230 ఓల్టులు 180కి పడితే బలం దాదాపు 60 శాతానికి దిగుతుంది. అర హార్స్‌పవర్ మోటారు అప్పుడు మూలుగుతుందే తప్ప తిరగకపోవచ్చు, అలాగే వదిలేస్తే వైండింగ్ కాలుతుంది. అందుకని ముప్పావు హార్స్‌పవర్, అంటే సుమారు 550 వాట్ల మోటారు తీసుకోండి. మూలిగిన వెంటనే స్విచ్ కట్టేయండి. దానికి విడిగా 2.5 చదరపు మి.మీ. రాగి తీగతో, ఎర్తింగ్ ఉన్న 16 ఆంపియర్ల ప్లగ్ పెట్టించండి.

వేగం లెక్క సులభం. చెక్క వ్యాసాన్ని అంగుళాల్లో, వేగాన్ని నిమిషానికి చుట్లలో తీసుకుని గుణిస్తే 6,000 నుంచి 9,000 మధ్య రావాలి. 3 అంగుళాల పప్పుగుత్తి తలకు 2,000 నుంచి 3,000 చుట్లు. 8 అంగుళాల గిన్నెకు 750 నుంచి 1,100. ఇంకా గుండ్రం కాని గిన్నె దిమ్మకు 500 దగ్గర మొదలుపెట్టాలి. అందుకే కొనేటప్పుడు 'ఎక్కువ వేగం ఎంత' అని అడగకండి, తక్కువ వేగం ఎంతో అడగండి. 800 కంటే కిందికి రాని లేత్ మీద గిన్నెలు తీయడం ప్రమాదం.

పుల్లీలు మీరే వేయించుకుంటే ఇలా చూసుకోవచ్చు. మన మోటార్లు ఎక్కువగా 1,440 చుట్లవి. మోటారు మీద 2 అంగుళాలు, స్పిండిల్ మీద 6 అంగుళాల పుల్లీ పెడితే 480. 2కి 4 పెడితే 720. 3కి 3 పెడితే 1,440. 4కి 2 పెడితే 2,880. మామూలు వి-బెల్టు అయితే పంపుల కొట్లో దొరుకుతుంది. పల్చగా, లోపల సన్నని గాడులు ఉన్న బెల్టు అయితే మెషీన్‌తోపాటే ఇంకోటి కొని దాచుకోండి.

4. రెండు కొలతలు రాసి అడగండి

మొదటిది స్పిండిల్ మర. చక్ (చెక్కను దవడలతో పట్టేది), ఫేస్‌ప్లేట్ (చెక్కను స్క్రూలతో బిగించే పళ్లెం) దీనికే ఎక్కుతాయి. అంగుళం లావుతో అంగుళానికి 8 మరలు, లేదా 33 మి.మీ. లావుతో 3.5 మి.మీ. పిచ్ ఉన్నవైతే చక్‌లు సులువుగా దొరుకుతాయి. మరెక్కడా లేని మర ఉంటే జీవితాంతం అదే కంపెనీ సామాను కోసం చూస్తూ కూర్చోవాలి.

రెండోది మొనలు దిగే లోపలి వాలు రంధ్రం, మోర్స్ టేపర్ (ఎంటీ). స్పిండిల్, టెయిల్‌స్టాక్ (చెక్క రెండో చివరను పట్టే, బెడ్ మీద జరిగే భాగం) రెండింట్లోనూ ఎంటీ-2 ఉండాలి. నోటి దగ్గర కొలిస్తే సుమారు 18 మి.మీ. ఉంటుంది. 12 మి.మీ. ఉంటే అది ఎంటీ-1, చిన్నది, జారుతుంది. వాలు రంధ్రమే లేని చిన్న పూసల లేత్‌లు కూడా అమ్ముతున్నారు. అవి పూసలకు, పెన్నులకు పనికొస్తాయి, పప్పుగుత్తికి కాదు. డ్రిల్లింగ్ మెషీన్‌ని బిగించి లేత్‌గా వాడే స్టాండులు అసలే వద్దు. డ్రిల్ బేరింగులు ముందుకు నెట్టే ఒత్తిడికి చేసినవి, పక్కనుంచి పడే ఒత్తిడికి త్వరగా వదులైపోతాయి.

5. కొత్తదైనా పాతదైనా, డబ్బు ఇచ్చే ముందు

బెల్టు తీసేసి స్పిండిల్‌ని చేత్తో తిప్పండి. మెత్తగా తిరగాలి. గరగరలాడితే బేరింగుల్లో తుప్పో దుమ్మో ఉంది. తర్వాత ఫేస్‌ప్లేట్‌ని రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ, పైకీ కిందికీ లాగండి. చేతికి 'టక్' మని తగిలితే బేరింగు వదులు. దాని మీద 6204, 6205 లాంటి నంబరు ఉంటే భయం లేదు, ఏ ఊళ్లోనైనా మార్చుకోవచ్చు. ధరలో ఆ మేరకు తగ్గించమనండి.

స్పిండిల్‌లో ఒక మొన, టెయిల్‌స్టాక్‌లో ఒక మొన పెట్టి, టెయిల్‌స్టాక్‌ని జరిపి రెండూ తాకే దాకా తీసుకురండి. పైనుంచి ఒకసారి, పక్కనుంచి ఒకసారి చూడండి. సూది మొనలు సరిగ్గా కలవాలి. ఒక మిల్లీమీటరు తేడా ఉన్నా చక్‌లో పట్టిన చెక్కకు టెయిల్‌స్టాక్ ఆనించగానే అది పక్కకు లాగుతుంది, డ్రిల్ చేసిన రంధ్రం పెద్దదైపోతుంది. ఇక్కడే ఎక్కువ చవక లేత్‌లు బయటపడతాయి.

టెయిల్‌స్టాక్‌ని లాక్ చేసి, మధ్యలో చెక్క పెట్టి చక్రంతో గట్టిగా బిగించండి. టెయిల్‌స్టాక్ వెనక్కి జారకూడదు. టూల్ రెస్ట్‌ని బిగించి అరచేతి బరువంతా దాని మీద వేయండి, కిందికి దిగకూడదు. రెస్ట్ పైఅంచు మీద వేలు జరిపితే గాట్లు తగిలాయా? అది పెద్ద లోపం కాదు, ఆకురాయితో సాపు చేసుకోవచ్చు.

చివరగా బెల్టు వేసి, అన్నిటికన్నా ఎక్కువ వేగంలో పది నిమిషాలు ఖాళీగా తిప్పండి. హెడ్‌స్టాక్ మీద రూపాయి నాణెం నిలువుగా నిలబెట్టి చూడండి. నిలబడితే మంచి మెషీన్. ఆపాక బేరింగు దగ్గర చేయి పెడితే గోరువెచ్చగా ఉండవచ్చు, చురుక్కుమనకూడదు. తిరిగేటప్పుడు చెక్క పైభాగం మీ వైపు రావాలి. ఎదురు తిరిగితే మోటారు కనెక్షన్ తప్పు, చక్ మర ఊడి బయటికి వస్తుంది.

పాత మంచం కోళ్ల షాపుల్లో అమ్మకానికి వచ్చే లేత్‌ల బెడ్ బాగుంటుంది, కానీ చాలావాటికి త్రీ ఫేజ్ మోటారు ఉంటుంది. ఇంట్లో సింగిల్ ఫేజే కదా, కాబట్టి మోటారు మార్చే ఖర్చు కలుపుకుని బేరం ఆడండి. బెల్టుకు మూత లేకపోతే రేకుతో చేయించకుండా స్విచ్ వేయవద్దు.

6. చేతిలో డబ్బంతా మెషీన్‌కే పెట్టకండి

మొత్తం 40,000 రూపాయలు పక్కన పెట్టుకుంటే మెషీన్ 25,000 దాటకూడదు. మిగిలింది ఉలులకు, గ్రైండర్‌కు, ముఖం కప్పే షీల్డ్‌కు. మొద్దుబారిన ఉలితో ఎంత ఖరీదైన లేత్ అయినా చెక్కను చీలుస్తుంది.

మొదట ఐదు ఉలులు చాలు: రఫింగ్ గౌజ్ (చెక్కను గుండ్రం చేసే వెడల్పు దోనె ఉలి), స్పిండిల్ గౌజ్ (వంపులు తీసే సన్న దోనె ఉలి), స్క్యూ (ఏటవాలు అంచు ఉలి), పార్టింగ్ టూల్ (ముక్కను విడదీసేది), గుండ్రని స్క్రేపర్ (గీకేది). హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) ఉక్కువే తీసుకోండి. కార్బన్ ఉక్కు ఉలి గ్రైండర్ మీద నీలం రంగు తిరిగితే పదును నిలవదు. హెచ్‌ఎస్‌ఎస్‌కి ఆ వేడి లెక్క కాదు. పాత ఆకురాళ్లను సానబట్టి ఉలులుగా వాడటం మన వైపు మామూలే. ఆపేయండి, ఆకురాయి ఉక్కు పెళుసు, చెక్క పట్టేసినప్పుడు ముక్కలై ముఖం మీదికి వస్తుంది. గ్రైండర్‌కి 80 గ్రిట్ తెల్లరాయి వేయించుకోండి. పదును కోణం రఫింగ్ గౌజ్‌కి 45 డిగ్రీలు, స్పిండిల్ గౌజ్‌కి 35 నుంచి 40.

గిన్నెలు తీయాలనుకుంటే బౌల్ గౌజ్ విడిగా కొనాలి. రఫింగ్ గౌజ్‌ని గిన్నె దగ్గరికి తీసుకెళ్లకండి. పిడిలోకి వెళ్లే దాని తోక సన్నం, అక్కడే విరుగుతుంది. నాలుగు దవడల చక్ కూడా అప్పుడే కొనండి. అప్పటిదాకా లేత్‌తో వచ్చే ఫేస్‌ప్లేట్, పళ్ల సెంటర్ (చెక్కలో దిగి తిప్పే మొన), తిరిగే సెంటర్‌తో (చెక్కతోపాటు తిరిగే టెయిల్‌స్టాక్ మొనతో) పని జరుగుతుంది. తిరిగే సెంటర్ ఇవ్వకపోతే అడిగి తీసుకోండి. కదలని మొన ఇస్తే చెక్క కాలి పొగ వస్తుంది.

7. ఇంటికి వచ్చాక

బల్ల బరువుగా ఉండాలి. స్పిండిల్ మధ్య మీ మోచేతి ఎత్తులో ఉండేలా చూసి నాలుగు బోల్టులతో బిగించండి. బల్ల తేలికైతే కింద అరలో ఇసుక బస్తాలు పెట్టండి. కొరాపుట్ కొండల్లో వానాకాలం పోత ఇనుము ఒక్క వారంలో తుప్పు పడుతుంది. బెడ్‌కి మైనం రుద్దండి. నూనె రాస్తే పొట్టు అంటుకుని టెయిల్‌స్టాక్ జరగదు.

గ్లౌజులు వేసుకోవద్దు. మెడలో తువ్వాలు, వేలాడే చున్నీ, పైట కొంగు, పొడుగు చేతుల చొక్కా అన్నీ పక్కన పెట్టండి, అవి చిక్కుకుంటే చేయి లాక్కునే సమయం ఉండదు. స్విచ్ వేసే ముందు చెక్కను చేత్తో ఒక చుట్టు తిప్పి ఎక్కడా తగలలేదని చూడండి. మొదటి పది సెకన్లు చెక్క ఎగిరి వచ్చే దారిలో నిలబడకుండా పక్కకు ఉండండి.

మొదటి చెక్కగా అంకుడు దొరికితే అంతకన్నా మంచిది లేదు. ఏటికొప్పాక లక్క బొమ్మలు చేసేది దానితోనే. మెత్తగా, సన్నని పీచుతో సాఫీగా తెగుతుంది. అది లేకపోతే కొట్టేసిన మామిడి కొమ్మ, వేప, జామ చాలు. కొమ్మలో మేకులు, తీగ ముక్కలు ఉన్నాయేమో చూసుకోండి. టేకు, గుగ్గిలం అయితే రసీదు ఉన్న కోత మిల్లు ముక్కలే కొనండి. వాటిని రాష్ట్రం దాటించడానికి అటవీశాఖ ట్రాన్సిట్ పర్మిట్ కావాలి. పచ్చి కొమ్మ అయితే రెండు చివరలకూ మైనమో పాత పెయింటో పూసి నీడలో పెట్టండి, పూయకపోతే చివర్ల నుంచి పగులుతుంది.

2 అంగుళాల లావు, 10 అంగుళాల పొడవు ముక్క తీసుకుని, వేగం 1,440 మీద పెట్టి గుండ్రం చేయండి. రెస్ట్‌ని చెక్కకు 3, 4 మి.మీ. దూరంలో, మధ్య ఎత్తుకు కొంచెం కింద ఉంచండి. ఉలి వెనక భాగాన్ని ముందు చెక్కకు ఆనించి, పిడిని నెమ్మదిగా పైకెత్తుతూ తెగడం మొదలయ్యే చోట ఆపండి. చిన్న పొట్టు చుట్టలుగా రాలితే పదును, కోణం రెండూ సరే. పొడిగా రాలితే గ్రైండర్ దగ్గరికి వెళ్లండి. మొదటి వారం తర్వాత బల్ల బోల్టులు, పుల్లీ స్క్రూలు మరోసారి బిగించి, కొత్త బెల్టు సాగి వదులైందేమో చూసుకోండి.