క్రీడా రేడియో స్టేషన్ కొనే ముందు టవర్ చుట్టూ ఒకసారి నడవండి

అమెరికాలో మనవాళ్లు మోటెల్ కొన్నామంటే ఎవరూ వింతగా చూడరు. నేను రేడియో స్టేషన్ కొన్నానంటే మాత్రం మా బావగారు ఫోనులోనే నవ్వారు. ఒహాయోలో ఒక చిన్న ఊరి ఏఎం క్రీడా స్టేషన్‌ను కొని, ఏడేళ్లు నడిపి అమ్మాను. ఇప్పుడు ఆయనే, ఎలా కొనాలో రాసి పెట్టమంటున్నారు.

ముందు పౌరసత్వం సంగతి. గ్రీన్‌కార్డు సరిపోదు. రేడియో లైసెన్సుల చట్టం లెక్కలో గ్రీన్‌కార్డు ఉన్నవారూ విదేశీయులే. లైసెన్సు ఉన్న కంపెనీలో విదేశీయుల వాటా నేరుగా 20 శాతం దాటకూడదు. దాని మాతృసంస్థలో 25 శాతం దాటితే, ఈ లైసెన్సులు ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ ప్రత్యేక అనుమతి కావాలి. వాటాదారుల జాబితా తయారుచేసేటప్పుడు, హైదరాబాదులో ఉన్న తమ్ముడి డబ్బునూ ఈ లెక్కలో చూపించాలి.

తరువాత, టవర్ దగ్గరకు వెళ్లండి. ఏఎంలో ఆ ఇనుప స్తంభమే యాంటెన్నా. దాని అడుగున పింగాణీ దిమ్మె ఉంటుంది. కంచె దాటి చెయ్యి వేస్తే ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి ఇంజినీరును తోడు తీసుకెళ్లండి. ప్రసారం బాగా సాగడానికి స్తంభం మొదలు నుంచి చక్రం ఆకుల్లా నాలుగు వైపులా రాగి తీగలు పాతిపెడతారు, సాధారణంగా 120. నేను చూడబోయిన మొదటి స్టేషన్‌లో మా ఇంజినీరు గడ్డి పక్కకు తీసి బూటుతో మట్టి గీకితే, కత్తిరించిన తీగ కొసలు వరసగా బయటపడ్డాయి. రాగి దొంగలు ఎప్పుడో పట్టుకుపోయారు. అమ్మేవాళ్ల కాగితాల్లో ఆ ఊసే లేదు. ఆ బేరం అక్కడే వదిలేశాను.

ఆ నేల ఎవరిదో కూడా చూడండి. చాలా స్టేషన్ల టవర్లు కౌలు భూమిలో ఉంటాయి. సొంత భూమే అయితే ఒక్కోసారి స్టేషన్ కంటే దానికే ఎక్కువ ధర పలుకుతుంది. ఇరవై నాలుగు గంటలూ క్రీడలే చెప్పిన తొలి స్టేషన్, 1987 జులై 1న మొదలైన న్యూయార్క్ డబ్ల్యూఎఫ్ఏఎన్, 1992లో 7 కోట్ల డాలర్లకు అమ్ముడైంది. మేరీలాండ్‌లోని బెథెస్డాలో ఒక ఏఎం స్టేషన్ టవర్లు నిలిచిన 75 ఎకరాలను అంతకు మించిన ధరకు ఇళ్లు కట్టే సంస్థ కొనేసి, 2020లో టవర్లను కూల్చేసింది.

నేను కొన్న స్టేషన్‌కు పగలు 5 కిలోవాట్లు, పొద్దుగూకాక 90 వాట్లే. రాత్రిపూట ఏఎం తరంగాలు ఆకాశం నుంచి తిరిగి దూరాన పడి వేరే స్టేషన్లకు అడ్డొస్తాయి కాబట్టి శక్తి తగ్గించాలి. ఇక్కడ క్రీడా రేడియోకు అన్నం పెట్టేది శుక్రవారం రాత్రి హైస్కూలు ఫుట్‌బాల్. ఆట ఏడింటికి మొదలవుతుంది. అక్టోబరు నెలాఖరులో అప్పటికే చీకటి. అసలు ఆట నడుస్తుంటే ఊరి అవతల వినబడదు. దీనికి మందు 250 వాట్ల వరకు అనుమతి ఉన్న ఎఫ్ఎం ట్రాన్స్‌లేటర్, అంటే మన ఏఎం ప్రసారాన్నే ఎఫ్ఎంలో వినిపించే చిన్న ప్రసార యంత్రం. అది ఎవరి పేరున ఉందో అడగండి. నాకు చూపించినది ఇంకొకరి నుంచి అద్దెకు తెచ్చుకున్నది. దాన్నీ విడిగా కొన్నాకే సంతకం పెట్టాను.

లెక్కల పుస్తకంలో రాబడి అని రాసినదంతా డబ్బు కాదు. ప్రకటనకు బదులుగా టైర్లు, పిజ్జాలు, హోటల్ గదులు తీసుకుంటారు. దాన్ని ట్రేడ్ అంటారు. మూడేళ్ల పుస్తకాలు తీసుకుని ట్రేడ్ అంతా కొట్టేయండి. మిగిలిన నికర నగదు మీదే ధర మాట్లాడండి. టైర్లతో జీతాలివ్వలేం కదా!

ఆటల ప్రసార ఒప్పందాలు స్టేషన్‌తో పాటు వాటంతట అవే రావు. స్కూళ్లవి, జాతీయ నెట్‌వర్క్‌వి, ఒక్కొక్కటీ చదవండి. యజమాని మారితే అవతలివారి అంగీకారం కావాలని చాలావాటిలో ఉంటుంది. వ్యాఖ్యాతనూ, ఊళ్లో దుకాణాలన్నీ తిరిగే ప్రకటనల మనిషినీ ముందే కలిసి కాఫీ తాగండి. వాళ్లు వెళ్లిపోతే మీకు మిగిలేది ఇనుము.

ఇక కాగితాల పని. లైసెన్సు ఎనిమిదేళ్లకు ప్రభుత్వం ఇచ్చేది, మన సొంతం కాదు. కొనుగోలు ఒప్పందం రాసుకుని, కొంత సొమ్ము మూడో మనిషి దగ్గర ఉంచి, లైసెన్సు బదిలీ కోసం ఎఫ్‌సీసీకి 314 నంబరు దరఖాస్తు పెట్టాలి. అభ్యంతరాలకు 30 రోజులు గడువు ఉంటుంది. స్టేషన్ మూగబోయి ఉంటే తేదీలు చూడండి. వరసగా 12 నెలలు ప్రసారం లేకపోతే లైసెన్సు దానంతట అదే పోతుంది.

అమ్మేటప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. దరఖాస్తుతో పాటు ఒప్పందం, అందులోని ధర కూడా ఎఫ్‌సీసీ వెబ్‌సైట్‌లో అందరికీ కనబడతాయి. సిబ్బందికి సోమవారం చెబుదామనుకున్నాను. గురువారం సాయంత్రమే టైర్ల దుకాణం ఆయన చదివి, మా వ్యాఖ్యాతకు ఫోను చేశాడు. శుక్రవారం అతను మామూలుగానే వచ్చి, ఆట మొత్తం చెప్పి, హెడ్‌ఫోన్లు చుట్టి బల్లమీద పెట్టి, "ధర తక్కువకే ఇచ్చారండీ" అని వెళ్లిపోయాడు.