ఇంట్లో యంత్రాలు ఎలా పనిచేస్తాయో చెప్పే పిల్లల బొమ్మల పుస్తకం తయారు చేయడం ఎలా?

ఫ్లష్ హ్యాండిల్ నొక్కి చేయి తీసేసినా నీళ్లు ఆగకుండా పడుతూనే ఉంటాయి. ఎందుకు? ఏడెనిమిదేళ్ల పిల్లలు అడిగే ప్రశ్నలు ఇలా ఉంటాయి. ఫ్లష్ ట్యాంకులో ఏయే భాగాలున్నాయో చెప్పమని ఎవరూ అడగరు. పేర్లు రాసి గీతలు లాగేస్తే అది విడిభాగాల పట్టిక అవుతుంది. ఏది కదిలితే ఏది కదులుతుందో చూపిస్తేనే పిల్లలకు యంత్రం అర్థమవుతుంది. పుస్తకంలో ప్రతి పేజీనీ ఈ కొలతతోనే చూసుకోవాలి.

1. ప్రశ్న ఉన్న యంత్రాన్నే ఎంచుకోండి

మొదటి పుస్తకానికి కదలిక కంటికి కనిపించే యంత్రాలే మేలు: జిప్, నొక్కితే రీఫిల్ బయటికొచ్చే పెన్ను, తాళం, సైకిల్ చైను, కుట్టుమిషను, ఫ్లష్ ట్యాంకు. ఫ్రిజ్, మొబైల్ ఫోన్ లాంటివాటిలో అసలు పని కంటికి కనబడదు కాబట్టి వాటిని తర్వాతి పుస్తకానికి ఉంచుకోండి. ఒక్కో యంత్రానికి ఒక్క ప్రశ్న రాసుకోండి. తాళానికైతే, ‘వేరే తాళంచెవి దూరుతుంది గానీ తిరగదెందుకు?’ ఆ ప్రశ్నకు జవాబులో భాగం కానిదాన్ని, ఎంత ఆసక్తికరమైనదైనా, బొమ్మలోంచి తీసేయండి.

2. విప్పి చూడండి, తర్వాతే గీయండి

ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మ చూసి గీస్తే అందులోని తప్పులు మీ పుస్తకంలోకీ వస్తాయి. పాతదో పాడైపోయినదో ఒకటి సంపాదించి విప్పండి. ఒక్కో భాగం తీసే ముందు ఫోటో తీసుకోండి, తీసిన వరుసలోనే తెల్లకాగితం మీద పేర్చండి, పక్కన స్కేలు పెట్టండి. కరెంటుతో నడిచేదైతే ముందు ప్లగ్ పీకేయాలి. మైక్రోవేవ్ ఓవెన్‌ను మాత్రం అస్సలు విప్పకండి. ప్లగ్ తీసేశాక కూడా దాని కెపాసిటర్‌లో (విద్యుత్తును నిల్వ చేసే భాగం) ప్రాణం తీసేంత చార్జి మిగిలి ఉండొచ్చు.

3. కదలికల గొలుసు రాయండి

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. బొమ్మ జోలికి వెళ్లకుండా, ‘ఇది కదిలితే అది కదులుతుంది’ అన్న పద్ధతిలో చిన్న చిన్న వాక్యాలు రాయండి. గొలుసు, రబ్బరు మూత ఉన్న రకం ఫ్లష్ ట్యాంకుకైతే ఇలా వస్తుంది:

హ్యాండిల్ నొక్కితే లోపలి కడ్డీ రెండో కొస పైకి లేస్తుంది. కడ్డీకి తగిలించిన గొలుసు ట్యాంకు అడుగునున్న రబ్బరు మూతను పైకి లాగుతుంది. నీళ్లు కిందికి దూకుతాయి. మూత అడుగు భాగంలో గాలి నిలిచి ఉంటుంది కాబట్టి, చేయి తీసేసినా అది వెంటనే పడిపోకుండా తేలుతూ ఉంటుంది. నీళ్లు దాదాపు అయిపోయాక మూత కిందికి వాలి రంధ్రాన్ని మూసేస్తుంది. ఈలోగా నీటిమట్టంతో పాటు ఫ్లోటు (నీళ్ల మీద తేలే బుడ్డి) కూడా దిగి, నీళ్లు లోపలికొచ్చే వాల్వును తెరిచింది. ట్యాంకు నిండేకొద్దీ ఫ్లోటు లేచి ఆ వాల్వును కట్టేస్తుంది.

పిల్లల ప్రశ్నకు జవాబు నాలుగో వాక్యంలో ఉంది. అందువల్ల పెద్ద బొమ్మ దానికే కేటాయించాలి: మూత తేలుతోంది, దాని కింద గాలి, గొలుసు వదులుగా వేలాడుతోంది. మిగతా దశలకు పక్కన మూడు చిన్న బొమ్మలు చాలు. ఎక్కడైనా ‘అప్పుడు దానంతట అదే మూసుకుంటుంది’ అని రాయాల్సి వచ్చిందంటే మీకే అక్కడ సంగతి తెలియలేదన్నమాట. మళ్లీ యంత్రం దగ్గరికి వెళ్లండి.

4. డమ్మీ (నమూనా) పుస్తకం కుట్టండి

బొమ్మల పుస్తకాలు సాధారణంగా 32 పేజీలుంటాయి, ఎందుకంటే పెద్ద కాగితం మీద అచ్చువేసి మడిచినప్పుడు పేజీలు 8 లేదా 16 చొప్పున వస్తాయి. ఎనిమిది కాగితాలను సగానికి మడిచి ఒకదానిలో ఒకటి పెట్టి, మధ్యలో పిన్నులు కొడితే 32 పేజీల డమ్మీ తయారు. ముందు మూడు పేజీలు, చివరిది పేరుకూ వివరాలకూ పోగా, ఎదురెదురు పేజీల జతలు 14 మిగులుతాయి. ఆరు యంత్రాలకు రెండేసి జతలు ఇవ్వండి. మిగిలిన రెండిటిలో పిల్లలు చేసి చూసే పనులు పెట్టొచ్చు.

ప్రశ్న కుడివైపు పేజీలో వేసి, పేజీ తిప్పాక జవాబు కనిపించేలా అమర్చండి. ముఖ్యమైన భాగం ఏదీ మధ్య మడతకు 10–12 మిల్లీమీటర్ల లోపల పడకూడదు. మడతలో మునిగిపోయిన స్ప్రింగును ఎవరూ చూడలేరు.

5. బొమ్మ గీయడం

బయటి డొక్క సగం కోసి లోపల చూపించే నిలువుకోత బొమ్మ చాలా యంత్రాలకు సరిపోతుంది. కోసిన అంచు అంతటికీ ఒకే రంగు వేయండి, లేకపోతే అది విరిగిందో కోసిందో తెలియదు. మరీ చిన్న భాగాలకు భూతద్దం లాంటి వృత్తం వాడండి. బాల్‌పెన్ మొనలోని గుండు సుమారు ఒక మిల్లీమీటరే ఉంటుంది, దాన్ని ఇరవై రెట్లు పెంచితేగాని సిరా దాని చుట్టూ ఎలా వస్తుందో కనిపించదు. అలా పెంచినప్పుడు అసలు సైజు బొమ్మ కూడా పక్కన చిన్నదిగా వేసి తీరాలి.

ఎక్కువగా దొర్లే తప్పులు ఇవి. పళ్లు కలిసిన రెండు గేర్లు ఎదురెదురు దిక్కుల్లో తిరుగుతాయి, చైనుతో కలిపిన రెండు చక్రాలు మాత్రం ఒకే దిక్కులో తిరుగుతాయి. బాణాలు దీనికి విరుద్ధంగా పడుతుంటాయి. మూడు గేర్లను ఒకదానికొకటి తాకేలా త్రికోణంగా పెడితే చూడ్డానికి బాగుంటుంది గానీ ఏ గేరూ కదల్లేదు. సైకిల్ పెడల్ దగ్గరి పళ్లచక్రానికి 48 పళ్లు, వెనక పళ్లచక్రానికి 16 ఉన్నాయని రాసి, ‘పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం మూడు చుట్లు తిరుగుతుంది’ అన్నారంటే బొమ్మలోనూ సరిగ్గా అన్ని పళ్లే ఉండాలి. పిల్లలు లెక్కపెడతారు. ఫ్లష్ ట్యాంకులో నీళ్లు అడుగునుంటే ఫ్లోటు కూడా కిందే ఉండాలి. నిండిన ట్యాంకులో గొలుసు బిగుతుగా గీయకండి. అలా ఉంటే మూత సరిగా కూర్చోక నీళ్లు కారుతూనే ఉంటాయి.

బాణాలు రెండు రకాలు చాలు: చేత్తో నొక్కే, లాగే బలానికి లావుపాటి బాణం, కదలికకు సన్నటి వంపు బాణం. ఎరుపు, ఆకుపచ్చల తేడా పోల్చలేని పిల్లలుంటారు కాబట్టి రంగుతో పాటు ఆకారం కూడా మారాలి. మొదటి పేజీలో బాణానికి ఏ అర్థం ఇచ్చారో చివరి పేజీ దాకా అదే ఉండాలి.

6. మాటలు

ఒక జత పేజీలకు 40–60 మాటలు, ఆరేడు పేర్లు మించకుండా చూసుకోండి. పేరు నుంచి భాగానికి గీసే గీతలు ఒకదాన్నొకటి దాటకూడదు. చివర చుక్క భాగం లోపల పడాలి. తెలుగులో వత్తులు కిందికి దిగుతాయి కాబట్టి 16 పాయింట్ల అక్షరానికి వరుసల మధ్య 24 పాయింట్లయినా ఇవ్వాలి.

7. రంగులు వేయకముందే పరీక్ష

పెన్సిల్ బొమ్మల దశలోనే ఇద్దరు ముగ్గురు పిల్లలకు చూపించండి. మాటల మీద కాగితం కప్పి, ‘ముందు ఏం కదులుతుందో వేలితో చూపించు’ అనండి. వేలు ఆగిన చోట బొమ్మ మార్చాలి. ‘అర్థమైందా?’ అని అడిగితే అందరూ తలూపుతారు, అది లెక్కలోకి రాదు. ‘ఈ గొలుసు తెగిపోతే ఏమవుతుంది?’ అని అడగండి. చెప్పగలిగితే పేజీ నిలబడినట్టే. తర్వాత అదే బొమ్మను ఆ యంత్రం రిపేరు చేసేవారికి చూపించండి. పిల్లలు కనిపెట్టలేని తప్పులు వాళ్ల కంట పడతాయి.

8. అచ్చుకు పంపే ముందు

బొమ్మలు అచ్చు సైజులో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఉండాలి. అచ్చయ్యాక అంచులు కత్తిరిస్తారు కాబట్టి, అంచులదాకా రంగు ఉన్న పేజీల్లో ఆ రంగును నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు అదనంగా పొడిగించండి. ఒక ప్రతిని అసలు సైజులో తీయించి, మడిచి, పిన్ను కొట్టి చూడండి. సన్నగీతలు మాయమయ్యాయా, నీలం నీళ్ల మీద పేర్లు చదవగలమా అన్నవి స్క్రీన్ మీద తెలియవు.