విశాఖలో గది బుక్ చేసే ముందు రాయగడవారు చూసుకోవలసినవి

రాయగడ నుంచి విశాఖకు చికిత్స కోసమో, పిల్లల పరీక్షల కోసమో వెళ్ళే మన కుటుంబాలు అద్దె కంటే ముందు రద్దు నిబంధన చదవాలి. డాక్టరు తేదీ మార్చినా డబ్బు వెనక్కి రావాలంటే, ఉచిత రద్దుకు ఇచ్చిన గడువు తేదీని, గంటను కూడా చూసి స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోవాలి. అద్దె కాస్త ఎక్కువైనా ఉచితంగా రద్దు చేసుకోగల గదే మేలని నా అభిప్రాయం.

రోజంటే దిగినప్పటి నుంచి 24 గంటలా, మధ్యాహ్నం 12 వరకేనా అని హోటలుకు ఫోన్ చేసి అడగండి. తెల్లవారుజామున రైలు దిగి, మోకాళ్ళ నొప్పులున్న అమ్మను రిసెప్షన్ ముందు ప్లాస్టిక్ కుర్చీలో మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టిన రోజు నేను మరువలేను.

రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదికి 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతమే కనుక బిల్లు సరిచూడండి. హోటలువారు చిరునామా ఉన్న గుర్తింపు కార్డు అడుగుతారు; పాన్ కార్డుపై చిరునామా ఉండదు కాబట్టి పెద్దలందరి ఆధార్ కార్డులూ వెంట ఉండాలి.