విల్లు వేటకు అతిథులొస్తే - 4వ పాఠం: గాలి తిరిగిన పూట చేపలు

టెక్సస్‌లో తమ పొలానికి డబ్బు కట్టి వచ్చే అతిథులతో అడవి పందుల విల్లు వేట నడిపేవాళ్లకు ఈ పాఠాలు. పోయిన పాఠం చదివి ఫీడర్‌కు (పందులకు మేత చల్లే పెట్టెకు) 20 గజాల్లో మంచె కట్టినవాళ్లందరిదీ ఒకటే ఫిర్యాదు: పందులు పొదల అంచుదాకా వచ్చి, ఒకసారి ముట్టె పైకెత్తి, వెనక్కి పోతున్నాయి. దూరం బాగానే కొలిచారు, గాలిని మాత్రం వదిలేశారు. చేపల సంగతికి ముందు అది తేల్చుకుందాం.

డాలస్ చుట్టుపక్కల ఎక్కువ రోజులు వీచేది దక్షిణపు గాలి. మంచె ఫీడర్‌కు ఉత్తరాన ఉంటే మనిషి వాసన ఇంకా ఉత్తరానికి పోతుంది. అయితే పందులు పడుకునే పొద కూడా ఉత్తరానే ఉంటే ఏం లాభం? ముందు గిట్టల జాడ చూసి, అవి వచ్చే దారి ఏదో తేల్చుకుని, ఆ దారికి పక్కగా కట్టండి. చలిగాలి దిగిన రోజు గాలి ఉత్తరం నుంచి కొడుతుంది. అందుకోసం దక్షిణాన రెండో మంచె ఉండాలి. అతిథి ఎక్కే ముందు టాల్కం పౌడర్ చిటికెడు వదిలి చూడండి. రెండు మంచెలకూ గాలి కుదరకపోతే ఆ పూట ఎవర్నీ ఎక్కించొద్దు. డబ్బు కట్టాడు కదా అని మొహమాటపడితే మిగతా రెండు రోజులూ పోతాయి.

ఇంకొకటి. జింకల వేటకు అలవాటుపడ్డవాళ్లు పందిని కూడా ఎత్తున, వెనగ్గా కొట్టి పేగుల్లో దించుతారు. పందికి గుండె కిందికి, ముందరికి ఉంటుంది. ముందుకాలి వెనకే, ఒంటి ఎత్తులో కింది మూడో వంతున గురి పెట్టమనండి. హార్నెస్ (మంచె మీంచి పడకుండా ఒంటికి కట్టుకునే పట్టీ) గురించీ, విల్లును తాడుతో పైకి లాగడం గురించీ మళ్లీ చెప్పను.

గాలి కుదరని ఆ పూటే చెరువుకు తీసుకెళ్లండి. ప్రైవేటు పొలంలో, యజమాని ఒప్పుకుంటే, అడవి పందికి వేట లైసెన్సు అక్కర్లేదని 2019లో టెక్సస్ చట్టం మార్చింది గానీ, నదుల్లో, ప్రభుత్వ చెరువుల్లో చేపకు ఫిషింగ్ లైసెన్సు కావాల్సిందే. కార్ప్, గార్ (పొడుగు ముట్టె, గట్టి పొలుసుల చేప) లాంటివాటినే బాణంతో కొట్టాలి. బాస్ చేప జోలికి పోకూడదు. ఆలిగేటర్ గార్ మనిషికి రోజుకు ఒక్కటే. (ఇదంతా టెక్సస్ మాట. మన ఊళ్లో ప్రయత్నిస్తే 1972 వన్యప్రాణి చట్టం ఊరుకోదు.)

ఇప్పుడు నాకు ఒళ్లు మండే విషయం. అతిథులు తెచ్చుకునే పాత చేప బాణాల్లో, తగిలిన చేపను వెనక్కి లాగే దారం తోక దగ్గరి రంధ్రానికే కట్టి ఉంటుంది. నారి లాగినప్పుడు ఆ దారం విల్లుకు వెనక వేలాడుతుంది, నారికో, నారిని వదిలే పరికరానికో చుట్టుకుంటుంది. వదలగానే బాణం దారం చివరిదాకా పోయి, సాగి, కొట్టినవాడి ముఖం మీదికే తిరిగొస్తుంది. విరుగుడు సేఫ్టీ స్లైడ్, అంటే బాణం పొడవునా జారే చిన్న ముక్క. దారం స్లైడ్‌కు కడితే, లాగినప్పుడు స్లైడ్ విల్లుకు ముందే నిలుస్తుంది, దారం నారి దగ్గరికి రాదు. బాణం వెళ్లాక తోక దగ్గరి అడ్డు దాకా జారుతుంది. స్పిన్‌కాస్ట్ రీల్ (బటన్ నొక్కితే దారం వదిలే చుట్ట) అయితే బటన్ నొక్కకుండా వదిలినా ఇదే ప్రమాదం. ప్రతి బాణాన్నీ మీ చేత్తో తీసుకుని, స్లైడ్ ముందుకీ వెనక్కీ జారుతోందో లేదో చూడండి. "నాకు అలవాటే" అన్నవాడి బాణం రెండుసార్లు చూడండి. స్లైడ్ లేని బాణం పడవ ఎక్కకూడదు.

గురి సంగతి: నీటిలో చేప ఉన్నచోటికంటే పైన కనిపిస్తుంది. 10 అడుగుల దూరంలో, అడుగు లోతున ఉంటే 4 అంగుళాలు కిందికి కొట్టాలి. దూరం గానీ లోతు గానీ రెట్టింపైతే 8. రెండూ రెట్టింపైతే 16. సరిగ్గా కాళ్ల కింద ఉన్నదానికి ఈ లెక్క వద్దు.

చేప జన అంటే మనవాళ్లకు ప్రాణం. గార్ జన మాత్రం విషం, కుక్కకు కూడా వేయొద్దు. దాని పొలుసులు కత్తికి లొంగవు, రేకులు కోసే కత్తెర ఉంచుకోండి.

అభ్యాసం: గ్యాలన్ పాలడబ్బాను నీళ్లతో నింపి, రాయి కట్టి, చెరువు నేల బురదగా ఉన్నచోట ఒక అడుగు లోతున ముంచండి. 10 అడుగుల నుంచి పదికి ఎనిమిది తగలాలి. తర్వాత రెండడుగుల లోతున, ఆ తర్వాత 20 అడుగుల నుంచి, చివరికి రాత్రి దీపం వెలుగులో. అతిథులు దిగేలోపు ఇవన్నీ మీరే పూర్తిచేయాలి.