కమడోర్ 64కి 1351 మౌస్ తగిలించే ముందు

కమడోర్ 64 అనే పాతకాలం హోమ్ కంప్యూటర్ కోసం 1986లో వచ్చిన 1351 మౌస్ నా చేతికొచ్చిన మొదటి వారం, అది పాడైందనే అనుకున్నాను. జియోస్‌లో (ఆ కంప్యూటర్ మీద మెనూలు, బొమ్మలతో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్) బాణం గుర్తు కదిలేది కానీ, నేను చెయ్యి ఎంత విసురుగా జరిపినా దాని నడక దానిదే. మౌస్ బాగానే ఉంది. దాన్ని చేత్తో పట్టుకునే కంప్యూటర్ స్విచ్ వేసేవాణ్ణి, వేలేమో కుడి బటన్ మీద ఉండేది. కుడి బటన్ నొక్కి ఉండగా కరెంట్ అందితే 1351 జాయ్‌స్టిక్‌లా, అంటే ఎటు జరిపామో తప్ప ఎంత జరిపామో చెప్పకుండా, పనిచేయడం మొదలుపెడుతుంది.

అందుకే ముందు కంప్యూటర్ ఆపండి. ఆన్‌లో ఉండగా ప్లగ్ పెట్టడం, తీయడం వద్దు. చేతి నుంచి వచ్చే స్టాటిక్‌కి లోపల కీబోర్డు, పోర్టుల సంగతి చూసుకునే సీఐఏ చిప్ పోవచ్చు. కుడి పక్కనున్న రెండు పోర్టుల్లో మనకు దగ్గరగా ఉండేది ఒకటో నంబరు. మౌస్ అందులో పెట్టి, బల్ల మీద వదిలేసి, అప్పుడు స్విచ్ వేయండి. కమడోర్ వాళ్లదే మరో కంప్యూటర్ అమిగా, దాని మౌస్ ప్లగ్ కూడా ఇందులో చక్కగా పడుతుంది, కానీ దాని సిగ్నల్ వేరు, 1351 బదులు పనికిరాదు.

ఇప్పుడు జియోస్ జోలికి పోకుండా, స్విచ్ వేయగానే వచ్చే బేసిక్ భాషలోనే చూడండి:

10 ప్రింట్ పీక్(54297), పీక్(54298) : గోటూ 10

(టైప్ చేసేది ఇంగ్లిష్ అక్షరాల్లోనే: PRINT, PEEK, GOTO. ఆ తర్వాత RUN అని కొట్టండి.)

మౌస్‌ని పక్కకు జరిపితే మొదటి అంకె, ముందుకీ వెనక్కీ జరిపితే రెండోది మారాలి. ఒక హద్దు దాకా వెళ్లి మళ్లీ మొదటికి చుట్టుకుంటాయి, అది మామూలే. కదపకపోయినా అంకె ఒకటి అటూ ఇటూ వణుకుతుంటే కంగారు వద్దు, ఆ చివరి బిట్‌ని లెక్కలోకి తీసుకోరు. రెండూ 255 దగ్గరే నిలిచిపోతే మాత్రం మౌస్ జాయ్‌స్టిక్ మోడ్‌లో ఉండాలి, లేదా ప్లగ్ సరిగా కూర్చోలేదు.

ఈ రెండు చోట్లా మనం చదువుతున్నది సిడ్ చిప్‌ని. పాటలు పాడే ఆ చిప్పే పాడిల్ (తిప్పే నాబ్ ఉన్న గేమ్ కంట్రోలర్) కోసం పెట్టిన లైన్ల మీద మౌస్ కదలికను కొలుస్తుంది, నాకు ఈ యంత్రంలో అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే. సిడ్ స్థానంలో వేరే చిప్ వేసి ఉంటే పాడిల్ లైన్లను చదవగలదో లేదో చూసుకోండి. కొన్ని చదవలేవు. సంగీతం బ్రహ్మాండంగా వస్తుంది, మౌస్ మాత్రం కదలదు.

అంకెలు మారుతున్నాయంటే సగం టెన్షన్ తీరినట్టే. జియోస్ మెనూలో సెలెక్ట్ ఇన్‌పుట్‌కి వెళ్లి 1351 డ్రైవర్ ఎంచుకోండి. బూట్ డిస్క్‌లో ఆ డ్రైవర్‌ని మిగతా ఇన్‌పుట్ డ్రైవర్లకంటే ముందుకు జరిపితే ఈ పని ప్రతిసారీ చేయనక్కర్లేదు.

బాణం ఒక దిక్కుకే తడబడుతుంటే అది మురికి వల్లే. కింది మూత తిప్పి బంతి తీయండి. బంతిని సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి, రబ్బరుకి ఆల్కహాల్ వద్దు. లోపలి రోలర్ల నడిమి భాగంలో నల్లటి పట్టీలా దుమ్ము గట్టిపడి ఉంటుంది. నేను అగ్గిపుల్ల మొద్దు కొసతో, రోలర్‌ని కొంచెం కొంచెం తిప్పుతూ గీకుతాను. ఒక్కోసారి అది ఉంగరంలా ఒకే ముక్కగా ఊడి వస్తుంది. ఆ ముక్క లోపల పడకుండా మౌస్‌ని తలకిందులుగానే ఉంచి, పట్టకారుతో తీసేయండి.