వానలకు ముందు బయటి కెమెరా బిగిస్తున్నారా? ఇవి చూసుకోండి

పెట్టె మీద ఐపీ66 అనో ఐపీ67 అనో ఉన్న రేటింగు (దుమ్ము, నీళ్లను ఎంత ఆపుతుందో చెప్పేది) కెమెరా బాడీకి మాత్రమే. వెనక తోకలా వేలాడే వైరు చివరి నెట్‌వర్క్ జాక్, పవర్ పిన్ను ఆ లెక్కలోకి రావు. నీళ్లు దూరేది ఎక్కువగా అక్కడే. తడికి కరెంటు తోడైతే రాగి పిన్నుల మీద పచ్చటి చిలుము పడుతుంది. బొమ్మ ముందు ఆగి ఆగి వస్తుంది, తర్వాత అసలు రాదు.

నిచ్చెన ఎక్కే ముందు:

☐ కరెంటు ఆపేశారా? పీఓఈ (నెట్‌వర్క్ వైరులోనే కరెంటు కూడా వచ్చే పద్ధతి) అయితే ఆ కరెంటు ఇచ్చే స్విచ్ కూడా.

☐ జాయింట్లన్నీ పట్టేంత పీవీసీ జంక్షన్ బాక్స్ తెచ్చుకోండి. వైరు కింద నుంచే లోపలికి వెళ్లాలి, పై నుంచి వద్దు.

☐ జాక్‌తో ఇచ్చిన వాటర్‌ప్రూఫ్ క్యాప్, రబ్బరు రింగు నెట్‌వర్క్ వైరు చివర ప్లగ్ క్రింప్ చేయకముందే (నొక్కి బిగించకముందే) వైరుకు ఎక్కించాలి. తర్వాత చాలా రకాల్లో పట్టవు. ఎక్కువమంది మరిచిపోయేది ఇదే.

☐ గోడ కన్నం బయటివైపుకు వాలుగా ఉండాలి. కన్నంలోకి పోయే ముందు వైరును జానెడు కిందికి వంచి, మళ్లీ పైకి తీసుకెళ్లండి. వైరు వెంట జారే నీళ్లు ఆ వంపు దగ్గరే బొట్లుబొట్లుగా రాలిపోతాయి.

☐ వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వద్దు, అందులోని ఆమ్లం రాగిని తినేస్తుంది. న్యూట్రల్ రకం అడగండి. గోడకు ఆనే కెమెరా బేస్‌కు పైన, పక్కల పూసి కింది అంచు వదిలేయండి. లోపలికి చేరిన నీటికి దారి ఉండాలి.

☐ ముసురు పట్టిన రోజు డోమ్ (కెమెరా మీది గుండ్రటి పారదర్శక మూత) గానీ మెమరీ కార్డు మూత గానీ తెరవకండి. తేమ లోపలే చిక్కుకుని, చల్లబడగానే అద్దం మసకబారుతుంది.